పెరట్లో షెడ్డు: ఎవరి తీరిక, ఎవరి చాకిరీ?

(స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే, నేను మగవాళ్ళ షెడ్ల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయినా ఒప్పుకున్నారు. అందుకు కృతజ్ఞతలు. మనం ఇంతకాలం స్త్రీల జీవితాలను పరిశీలిస్తూ వచ్చాం. అది అవసరం. కానీ మగవాళ్ళు సహజమని అనుకునే అలవాట్లను కూడా అంతే శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం. ఒక సమాజంలో ఎవరికి ఎంత చోటుంది, ఎవరికి ఎంత తీరిక ఉంది అని లెక్క తీస్తే అధికారం ఎవరి చేతిలో ఉందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ లెక్క తీయడానికి ఆస్ట్రేలియా ఇళ్ళ వెనక కనబడే రేకుల షెడ్డు మంచి ఉదాహరణ.

అక్కడి నగరాల శివార్లలో ఒక్కో ఇంటికి పావు ఎకరం స్థలం ఉండటం చాలాకాలం ఆదర్శంగా చలామణీ అయింది. ముందు గడ్డి, మధ్యలో ఇల్లు, వెనక పెరడు. ఆ పెరట్లో ఒక మూల ముడతల రేకుల షెడ్డు. లోపల ఒక పెద్ద బల్ల, దానికి బిగించిన వైసు, గోడ నిండా సుత్తులు, రంపాలు, ఉలులు, పానాలు. సీసాల్లో రకరకాల మేకులు, స్క్రూలు. ఎప్పుడో పనికొస్తాయని దాచిన చెక్కముక్కలు. ఆ ఇంటి మగవాడు శనివారం పొద్దున అందులోకి వెళితే భోజనానికి పిలిచేదాకా బయటికి రాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కొరత ఉన్న రోజుల్లో అక్కడ చాలామంది తమ ఇళ్ళను తామే కట్టుకున్నారు. అప్పుడు షెడ్డు అవసరం. అవసరం తీరిపోయాక కూడా షెడ్డు మిగిలింది. 1995లో మార్క్ థామ్సన్ ఈ షెడ్ల మీద, వాటిలోని మగవాళ్ళ మీద ‘బ్లోక్స్ అండ్ షెడ్స్’ అని ఒక పుస్తకమే వేశారు.

పెరడు అనగానే మనకు గుర్తొచ్చేది వేరు. నుయ్యి, అంట్ల గిన్నెలు, బట్టలుతికే బండ, కరివేపాకు చెట్టు. మన ఇళ్ళల్లో పెరడు ఆడవాళ్ళ పనిస్థలం. మగవాళ్ళ చోటు వీధి అరుగు, రచ్చబండ, ఈ కాలంలో టీ కొట్టు. మరి ఆస్ట్రేలియా పెరట్లో ఆడవాళ్ళ జాడ లేదా అంటే ఉంది. షెడ్డుకు కొద్ది దూరంలో, పెరటి నడిమధ్య, గొడుగు ఊచల్లా చేతులు చాపి గిరగిరా తిరిగే ఒక ఇనప స్తంభం ఉంటుంది. అది బట్టలారేసుకునే సాధనం. అలాంటి వాటికి గిల్బర్ట్ టోయిన్ 1911 నుంచే పేటెంట్లు తీసుకున్నాడు. 1945లో అడిలైడ్‌లో లాన్స్ హిల్ తన పెరట్లో తయారుచేసిన రకం ‘హిల్స్ హోయిస్ట్’ పేరుతో దేశమంతా పాకింది. భార్య సౌకర్యం కోసమే చేశాడని చెప్పుకుంటారు. కావచ్చు. నేను గమనించేది ఒక్కటే. మగవాడి నైపుణ్యం బట్టలారేసే తీగను మార్చింది, బట్టలారేసే మనిషిని మార్చలేదు. తయారుచేసినవాడి పేరు చరిత్రలో నిలిచింది. దాని కింద నిలబడి లక్షల తడిబట్టలు ఆరేసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు.

షెడ్డులో మగవాడు చేసేది పని కాదా అని మీరు అడగవచ్చు. పనే. విరిగిన కుర్చీ బాగుచేస్తాడు, పిల్లలకు బొమ్మ చేస్తాడు. అమెరికాలో ఈ ఇంటి మరమ్మతుల అలవాటు ఎలా పెరిగిందో స్టీవెన్ గెల్బర్ అనే చరిత్రకారుడు 1997లో ఒక వ్యాసం రాశారు. ఇంటిపని ఆడపని అయిన చోట, మగతనానికి లోటు రాకుండానే మగవాడు ఇంట్లో పాలుపంచుకోవడానికి ఈ పనిముట్ల పని దారి చూపిందన్నది ఆయన వాదన సారాంశం. సుత్తి పట్టుకుంటే ఇంటిపని చేసినట్టూ ఉంటుంది, ఆడపని చేయనట్టూ ఉంటుంది.

ఇప్పుడు ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడండి. కుర్చీ ఈ వారం కాకపోతే వచ్చేవారం బాగుచేయవచ్చు. అన్నం వచ్చేవారం వండుతానంటే కుదరదు. కుర్చీ ఇరవై ఏళ్ళు ఉంటుంది, వచ్చినవాళ్ళందరికీ చూపించుకోవచ్చు. పప్పు మధ్యాహ్నానికే ఖాళీ. గిన్నె మాత్రం తోమడానికి మిగులుతుంది. ఒకటి ఇష్టమైనప్పుడు చేసే పని, కంటికి కనబడే పని, మెప్పు వచ్చే పని. రెండోది ఆపడానికి వీల్లేని పని, కనబడని పని. చేయకపోతే తప్ప ఎవరికీ గుర్తుకురాని పని. శ్రమ విభజన అంటే పనుల్ని పంచుకోవడం ఒక్కటే కాదు. ఎంచుకునే స్వేచ్ఛ ఎవరికి దక్కిందన్నది కూడా అందులో భాగమే.

కాలం సంగతికి వద్దాం. ఆస్ట్రేలియా గణాంక సంస్థ 2020-21లో చేసిన సర్వేలో స్త్రీలు జీతం లేని పనికి రోజుకు సగటున 4 గంటల 31 నిమిషాలు పెడుతున్నారనీ, పురుషులు 3 గంటల 12 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. ఇంటి మరమ్మతులను కూడా కలుపుకున్నాక మిగిలిన తేడా ఇది. మన దేశం లెక్క ఇంకా ఘోరం. 2019 సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు పెడితే, చేసే పురుషులు 97 నిమిషాలు పెట్టారు. అసలు చేయని మగవాళ్ళు ఈ సగటులోకే రారు. 2024లో మళ్ళీ లెక్క తీశారు. స్త్రీలకు 289 నిమిషాలు, పురుషులకు 88. అయిదేళ్ళలో ఆమెకు పది నిమిషాలు తగ్గితే, అతనికీ తొమ్మిది తగ్గాయి. దూరం ఉన్నచోటే ఉంది. షెడ్డును రేకులతో కడతారనుకుంటాం. నిజానికి దాన్ని కట్టేది ఈ నిమిషాలతో.

మూడోది పనిముట్లు. పనిముట్టు పట్టుకోవడం ఒక అధికారం. సాంకేతిక నైపుణ్యానికీ మగతనానికీ ముడిపెట్టిన తీరును జూడీ వాజ్‌మన్ 1991లోనే ‘ఫెమినిజం కన్‌ఫ్రంట్స్ టెక్నాలజీ’ పుస్తకంలో వివరించారు. ఆస్ట్రేలియాలో కొడుకు షెడ్డులో తండ్రి పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నాడు. కూతురు వంటింట్లో తల్లి పక్కన నిలబడి నేర్చుకుంది. ఒకరు నేర్చుకున్నదానికి బజారులో కూలి వచ్చింది, మరొకరు నేర్చుకున్నదానికి మంచి ఇల్లాలనే పేరొచ్చింది. మన ఇళ్ళల్లో మాత్రం? మా ఇంట్లో స్క్రూడ్రైవరు మా నాన్నగారి పెట్టెలో ఉండేది. ఫ్యూజు పోతే ఆయన వచ్చేదాకా మేమందరం చీకట్లో కూర్చునేవాళ్ళం. రోజూ కత్తిపీటతో, పొయ్యితో, మరిగే నూనెతో పనిచేసే మా అమ్మకు ఆ స్క్రూడ్రైవరు ప్రమాదమని చెప్పేవారు!

ఇక్కడ ఒక వాదన వస్తుంది. ఇల్లంతా ఆమెదే కదా, పాపం అతనికి మూలనున్న షెడ్డు ఒక్కటే కదా అంటారు. ఇల్లు ఆమెది అన్నప్పుడు పట్టా ఆమె పేరున ఉందని కాదు, చాకిరీ ఆమెదని అర్థం. వంటింట్లో ఆమె తలుపు వేసుకుని కూర్చోగలదా? షెడ్డు తలుపు వేసుంటే పిల్లలు తట్టడానికి జంకుతారు. వంటింటికి తలుపున్నా అది వేసుకునే తలుపు కాదు.

ఇంతవరకు చెప్పింది విని, ఈమె షెడ్లు కూల్చమంటుందేమో అనుకోకండి. కథలో రెండో భాగం ఉంది. ఉద్యోగం పోయిన మగవాళ్ళు, రిటైరైనవాళ్ళు, భార్య చనిపోయినవాళ్ళు, ఇల్లు మారి అపార్టుమెంటుకు వచ్చి షెడ్డు పోగొట్టుకున్నవాళ్ళు ఒంటరితనంతో కుంగిపోవడం అక్కడ పెద్ద సమస్య. ఆస్ట్రేలియాలో ఆత్మహత్య చేసుకునేవారిలో సుమారు నాలుగింట మూడు వంతులు మగవాళ్ళే. పితృస్వామ్యం మగవాడికి జీతాన్నీ పెత్తనాన్నీ ఇచ్చింది, మనసు విప్పే భాష ఇవ్వలేదు. చుట్టపక్కాలతో సంబంధాలు నిలిపే పని కూడా భార్యకే వదిలేసింది. ఆమె లేకపోతే అతనికి పలకరించే మనిషి ఉండడు.

దీనికి విరుగుడుగా వచ్చినవే ఊరుమ్మడి షెడ్లు. దక్షిణ ఆస్ట్రేలియాలోని గూల్వాలో 1993లో పెద్దవయసు మగవాళ్ళ కోసం అలాంటి షెడ్డు పెట్టింది మాక్సీన్ చేజ్లింగ్ అనే మహిళ. 1998లో విక్టోరియాలోని టోంగాలాలో ‘మెన్స్ షెడ్’ పేరుతోనే ఒకటి తెరిచారు. ఆ ఏడాది చివర సిడ్నీ నగరంలోని లేన్ కోవ్‌లో మొదలైన షెడ్డు వెనక రూత్ వాన్ హెర్క్ అనే మహిళ చొరవ ఉంది. 2007లో వీటికి జాతీయ సంఘం ఏర్పడింది. 2010లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పురుషుల ఆరోగ్య విధానంలో వీటికి చోటిచ్చి డబ్బు కేటాయించింది. ఇప్పుడు ఆ ఒక్క దేశంలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. ఐర్లండుకు, బ్రిటన్‌కు, న్యూజిలాండ్‌కు పాకాయి. మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేరు, పక్కపక్కన నిలబడి పనిచేస్తూ మాట్లాడతారన్నది వీటి వెనకున్న ఆలోచన. చెక్కకు చిత్రిక పడుతూ ఒకాయన తన గుండెజబ్బు గురించి చెబుతాడు, పక్కనున్నాయన తన విడాకుల గురించి చెబుతాడు.

ఇది మంచి పనే. మగవాడి ఒంటరితనం తగ్గితే స్త్రీకి నష్టం లేదు. రిటైరైన భర్త పగలంతా వంటింటి చుట్టూ తిరుగుతూ డబ్బాల అమరిక మీద సలహాలిస్తుంటే ఎలా ఉంటుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. కానీ రెండు విషయాలు గమనించండి. ఒకటి, మగవాళ్ళ ఒంటరితనాన్ని ముందుగా పసిగట్టి చోటు చూపించినవాళ్ళలో స్త్రీలున్నారు. మగవాడి మనసును కనిపెట్టుకుని ఉండటం కూడా ఆమె జీతంలేని పనుల జాబితాలో చేరింది. రెండోది మరీ ముఖ్యం. మగవాళ్ళు ఒకచోట కూడి, తమకు ఇష్టమైన పని, తమకు తోచినంతసేపు చేసుకోవడం ఆరోగ్యానికి అవసరమని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మగవాడి తీరిక ప్రభుత్వ విధానం అయింది. ఆడదాని తీరిక మాత్రం ఇప్పటికీ సోమరితనమే, పొద్దుపోని కబుర్లే. ఆస్ట్రేలియాలో కొన్ని షెడ్లు ఇప్పుడు స్త్రీలను కూడా చేర్చుకుంటున్నాయి, స్త్రీలు విడిగానూ పెట్టుకుంటున్నారు. చేర్చుకోవాలా వద్దా అన్న తగువు కూడా నడుస్తూనే ఉంది.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో, రాయాలంటే స్త్రీకి సొంత గది, ఏడాదికి 500 పౌన్ల ఆదాయం కావాలని వాదించిన సంగతి మనకు తెలిసిందే. ఆమె తన రాడ్‌మెల్ ఇంటి తోటలో 1921లో రాసుకోవడానికి ఏర్పాటు చేసుకున్న గది అంతకుముందు పనిముట్ల షెడ్డు. అంటే ఒక స్త్రీకి షెడ్డు దొరికితే ఏం జరుగుతుందో ప్రపంచం చూసింది. కానీ ఆ ఇంట్లో వంట చేసింది నెల్లీ బాక్సాల్ అనే మరో స్త్రీ. ఈ మాట ఉల్ఫ్‌ను తక్కువ చేయడానికి అనడం లేదు. మన గురించే అంటున్నాను. మనలో చాలామంది ఈ సమావేశానికి రాగలిగింది పొద్దున్నే మన ఇంట్లో అంట్లు తోమిపెట్టిన మనిషి వల్ల. ఆమె తీరిక మన డిమాండ్లలో లేకపోతే, మనం కోరుతున్నది హక్కు కాదు, షెడ్డు తాళంచెవి చేతులు మారడం మాత్రమే.

స్త్రీలకు చోటు దొరికితే ఏమవుతుందో తెలియడానికి మనం దూరం వెళ్ళక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. దూబగుంట లాంటి ఊళ్ళలో కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడిలో పలకా బలపం పట్టుకుని పక్కపక్కన కూర్చున్నారు. పక్కపక్కన కూర్చుంటే మాటలు కలిశాయి. ఇంట్లో ఎవరికి వారు ఏడ్చిన కష్టం అందరిదీ ఒకటేనని తెలిసింది. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత పొదుపు సంఘాలు పెరిగాయి. మంచిదే. కానీ అక్కడ కూర్చుంటే అప్పు లెక్క చూడాలి, వాయిదా కట్టాలి, లేదా ఆదాయం తెచ్చే శిక్షణ పొందాలి. ఏదో ఒక ప్రయోజనం చూపితే తప్ప స్త్రీలు ఊరికే ఒకచోట కూర్చోవడానికి అనుమతి లేదు.

కాబట్టి మనం అడగవలసింది స్పష్టంగా అడుగుదాం. ప్రతి ఊళ్ళో, ప్రతి బస్తీలో ఆడవాళ్ళకు తలుపున్న ఒక గది కావాలి. అందులో సుత్తి, డ్రిల్లింగ్ మిషను, పుస్తకాలు, చాపలు ఉండాలి. పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి. లేకపోతే తీరిక కాగితం మీదే మిగులుతుంది. ఆ గదికి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు వారానికి ఒకరోజు జీతం కోత లేని సెలవుతో రాగలగాలి. అక్కడ ఏం చేశారని ఎవరూ రిజిస్టరులో రాయమనకూడదు. ఇంట్లో మాత్రం ఆ 289 నిమిషాలు, 88 నిమిషాలు దగ్గరకు వచ్చేదాకా పోరాటం ఆపకూడదు. ఎందుకంటే గది ప్రభుత్వం ఇవ్వగలదు, ఆ గదిలో కూర్చునే గంటను మాత్రం ఇంట్లోని మగవాడు చీపురో గరిటో అందుకుని ఇవ్వవలసిందే.