ఉద్యోగార్థి కృతజ్ఞతాలేఖ



1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మన కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. నేటికీ బంధుగాం తెలుగు పిల్లలకు ఇంట తెలుగు, సంతలో కువి, కచేరీలో ఒడియా; ఉద్యోగపు లేఖకు మాత్రం ఇంగ్లీషు.

నా తొలి ఇంటర్వ్యూ అనంతరం ఒక కార్యాలయానికి ఇంగ్లీషులో కృతజ్ఞతలు వ్రాశాను. పాత అర్జీల ధోరణిలో "తమ పాదపద్మములకు" అన్నదాన్ని అనువదించి, ఇంటి పేదరికమంతా ఏకరువు పెట్టాను. ఏ ఉద్యోగమో మాత్రం వ్రాయలేదు! సమాధానం రాలేదు. నకలు చూసిన మాస్టారు, "కృతజ్ఞత వేరు, యాచన వేరు నాయనా!" అన్నారు.

ఆయన నేర్పినవి మూడే వాక్యాలు. మొదటిదానిలో ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూ తేదీ పేర్కొని, సమయమిచ్చినందుకు ధన్యవాదాలు. రెండవదానిలో ఆ సంభాషణవల్ల తెలుసుకొన్న ఒక విషయం. మూడవదానిలో ఆ పని పట్ల ఆసక్తి. 'డియర్ సర్' అని ఆరంభిస్తే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరుతో ఆరంభిస్తే 'యువర్స్ సిన్సియర్లీ' అని ముగించాలి. 'థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్' వద్దు. చేయని మేలుకు ముందే వందనమిడితే తొందరపెట్టినట్లవుతుంది.

నేటి ఈ-మెయిలుకూ ఇదే పద్ధతి.

విద్యార్థులారా! మర్యాద మీకు ఇంటినుండే అబ్బింది. దానిని పరభాషలో క్లుప్తంగా, తల వంచకుండా చెప్పడమే నేర్వవలసింది.