మా ఇంట్లో కాలం లెక్క



"యాభై ఏళ్ల పండుగ కదా, కాలం గురించి పది నిమిషాలు మాట్లాడండి" అని కార్యదర్శిగారు ఫోన్ చేశారు. మైకు చేతికిస్తే పది నిమిషాలు ఎంతవుతుందో ఆయనకి తెలియకపోదు. ఇంజినీరుని గనుక టైము పాటిస్తాననుకుని ఉంటారు.

నా ఉద్యోగమంతా టైముతోనే అన్న మాట నిజం. సబ్‌స్టేషన్లలో 30 ఏళ్లు దాటింది. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపుకి 20 మిల్లీసెకన్లు. 400 కిలోవోల్టుల లైను మీద ఎక్కడైనా ఫాల్టు వస్తే 100 మిల్లీసెకన్లలోపు బ్రేకరు తెరుచుకోవాలి. ముందు ఏ బ్రేకరు పడింది, తర్వాత ఏది పడింది అన్నది ఉపగ్రహం ఇచ్చే టైముతో ఒక యంత్రం రాసిపెడుతుంది. తెల్లారి ఆ కాగితం ముందేసుకుని రాత్రి జరిగిందంతా వరసగా చెప్పగలం.

అక్కణ్ణించి మనూరు వస్తే మా అమ్మ లెక్క వేరు. ఆవిడ నోట సంవత్సరం అంకె రాదు. మా చెల్లిని బళ్లో వేసింది దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు. అంటే 1977. మేడ మెట్లు కట్టించింది పెద్ద వరద తీసిన మూడో ఏడు. అది 1986 ఆగస్టు గోదావరి వరద. తాతగారు పోయింది తుఫానుకి ముందు దింపులో. తుఫాను అంటే మనకి ఒకటే తుఫాను, 1996 నవంబరు 6. చిన్న చిన్న వాటికి చిన్న గుర్తులున్నాయి: కాలవలు కట్టేశాక, కాలవలు వదిలాక, సార్వా కోతల్లో, దాళ్వా ఊడ్పుల్లో, ప్రభల తీర్థం మర్నాడు. కిరాణా కొట్లో బాకీ కూడా "వచ్చే దింపుకి" అనే కదా చెప్పేవాళ్లం. ఇంగ్లీషు నెలలు జీతగాళ్లకి. చెట్టు మీద బతికేవాళ్లకి నెల ఒకటో తారీఖున ఏమీ రాలేదు.

ఆ తుఫాను మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. అప్పుడు నేను ఉద్యోగంలో దూరంగా ఉన్నాను. దారి దొరికి ఇల్లు చేరేసరికి నాన్నగారు తోటలో నిలబడి ఉన్నారు. ఎకరంనరలో నిలిచినవి పదకొండు చెట్లు. సీమంతటా లక్షల్లో పడ్డాయి, వెయ్యి మందికి పైగా మనుషులు పోయారు, మన చెట్ల సంగతి ఏం చెప్పుకుంటాం అన్నారాయన. మరుసటి తొలకరికే కొత్త మొక్కలు వేశారు. అప్పటికాయనకి 54. నాకిప్పుడు అంతకంటే రెండేళ్లు ఎక్కువ. మన నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఈ వయసులో ఎందుకండీ, తోట అమ్మేయకూడదా అని అడిగినవాళ్లున్నారు. "మొక్క వేసినా వేయకపోయినా ఏడేళ్లు గడుస్తాయి. వేస్తే కాయలుంటాయి" అన్నారు.

ఆ చెట్లకి ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. కొబ్బరిచెట్టుని కోసి చూస్తే లోపల వయసు చెప్పే వలయాలుండవు. మట్ట రాలిన చోట మాను మీద ఒక మచ్చ మిగులుతుంది. కాపుకొచ్చిన చెట్టు ఏడాదికి పన్నెండు మట్టలకి అటూ ఇటూగా వేస్తుంది. ఇంచుమించు నెలకొక మచ్చ. మా సబ్‌స్టేషన్లో యంత్రంలాగే అదీ రాసుకుంటుంది, కాస్త నిదానంగా.

ఇంట్లో అలా రాసేదేదీ లేదు. పెళ్లిళ్లు, చావులు, తుఫానులు అందరికీ గుర్తుంటాయి. రోజూ జరిగేవి ఎప్పుడు ఆగిపోయాయో చెప్పమనండి. మీ ఇంట్లో రుబ్బురోట్లో చివరిసారి పిండి రుబ్బింది ఎప్పుడు? స్కూటరు ముందు నిలబడి వచ్చే పిల్ల వెనక సీటుకి మారింది ఏ రోజు?

నాకీ ఆలోచన డాబా వల్ల వచ్చింది. ఎండాకాలం సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లేవాళ్లం. ఆవిరి తగ్గాక చాపలు పరిచి అయిదుగురం వరసగా పడుకునేవాళ్లం. చివర నాన్నగారు, ఛాతీ మీద ట్రాన్సిస్టరు. ఆయన నిద్రపోయారని మెల్లిగా కట్టబోతే "వింటున్నాన్రా" అనేవారు. ఆ పడకలు ఎప్పుడు ఆగాయని మొన్న సంక్రాంతికి మాలో మాకు పెద్ద వాదన. కేబుల్ టీవీ వచ్చాకని తమ్ముడు. తన పెళ్లయ్యాకని చెల్లి. దాని పెళ్లితోనే ఈ ఇంట్లో అన్నీ ఆగాయని దాని నమ్మకం. నా భార్య, నేను కాపురానికి వచ్చాక కూడా పడుకున్నాం కదా అంది. అమ్మ పూతరేకులు మడుస్తూ అంతా విని, "నీ కూతురికి ఏడో నెల. దోమలు కుట్టి ఒళ్లంతా దద్దుర్లొస్తే అర్ధరాత్రి కిందకి దింపాం. మళ్లీ ఎవరూ ఎక్కలేదు" అంది.

బ్రేకరు పడితే ఊరంతా వినపడేంత చప్పుడవుతుంది. ఇది ఏ చప్పుడూ లేకుండా అయిపోయింది. చాపలు చుట్టుకుని దిగుతున్న ఆ రాత్రి, ఇదే ఆఖరని మాలో ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఫోనులో ప్రతి ఫొటోకీ తేదీ, గంట, నిమిషం ఉంటాయి. దానికీ ఆ సంగతి తెలియదనుకోండి.

ఆ సంక్రాంతి నుంచి అమ్మ చెప్పేవి ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి. ఆవిడ పక్షం కథ ఇంకా దొరుకుతోంది. నాన్నగారి పక్షానిది ఆరేళ్ల క్రితమే ఆయనతో వెళ్లిపోయింది. మిగిలింది బీరువాలో ఆయన పద్దు పుస్తకాలు.

వాటిలో ఒక పేజీ గురించే నేను నిజానికి ఇక్కడికి వచ్చింది. 1986లో నేను ఇంజినీరింగులో చేరే రోజులకే వరద వచ్చింది. ఊడ్చిన సార్వా మొత్తం కుళ్లిపోయింది. ఫీజుకీ హాస్టలుకీ ఇంట్లో డబ్బు లేదు. ఆ పేజీలో పైన "శ్రావణం. అబ్బాయి చదువుకి. కాలవ అవతల. 1,500" అని ఉంది. కింద ఎనిమిది వరసలు. "దింపుకి 200" అని ఏడు, "దింపుకి 100" అని ఒకటి. ఆఖరు వరస పక్కన "చెల్లు". వడ్డీ మాట ఎక్కడా లేదు. పేరూ లేదు. ఆయనకి తెలుసు గనుక రాసుకోవలసిన అవసరం పడలేదు.

అమ్మని అడిగాను. "కాలవ అవతలాయనే. సైకిలు మీద వచ్చి, అరుగు మీద కూడా కూర్చోకుండా ఇచ్చి వెళ్లాడు. మీ నాన్న పేరు చెప్పలేదు, నేను అడగలేదు. అయినా అప్పు తీరిపోయిందిగా, ఇప్పుడు పేరెందుకురా?" అంది.

కాలవకి అటు ఒడ్డు పిల్లలందరూ ఈ బడికే వచ్చారు. అంటే ఆయన మీలో ఎవరి నాన్నగారో, పెదనాన్నగారో, తాతగారో అయి ఉంటారు. మీ అటకల మీద ఆ ఏటి పద్దు పుస్తకాలుంటే ఒక్కసారి దించి చూడండి. శ్రావణమాసంలో 1,500 ఇచ్చినట్టు, తర్వాత దింపు దింపుకీ 200 చొప్పున జమ అయినట్టు ఉంటుంది. సంఘం ఆఫీసులో చెప్పినా నాకు అందుతుంది. నేను ఎల్లుండి దాకా ఊళ్లోనే ఉంటాను. అమ్మ కూడా వస్తానంటోంది, కాలవ వంతెన దాకా ఆటో కట్టించాలి.