మన ఇంటికి మద్యపు లైసెన్సు కావలెనా?

(సంఘ భవనమున జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేపపూత పచ్చడి తిన్న పూటనే ఒక చేదు విషయము ముచ్చటించుటకు మాకు అవకాశము కలిగించిన కార్యవర్గమువారికి కృతజ్ఞులము. మేము పండితులము కాము, వకీళ్లము అంతకన్నా కాము. రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగము చేసికొనువారము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. ఎందుకు ఆగినదో తరువాత మనవి చేసికొందుము.

మన భవనములో సభ్యుల క్లబ్బు ఒకటి నెలకొల్పి, మద్యము అందించుటకును, వినోద కార్యక్రమములు జరుపుటకును లైసెన్సులు తెచ్చుకొందమని ఒక ప్రతిపాదన వచ్చినది. మేడ కట్టుటకు తెచ్చిన బ్యాంకు అప్పు ఇంకను తీరలేదు. చందాలు చాలుట లేదు. కంప్యూటరు కంపెనీలలో పనిచేయు మన యువకులు పండుగనాడు తప్ప ఇటువైపు చూచుట లేదు. క్లబ్బు ఉన్నచో వారు వత్తురు, వారితో ధనము వచ్చునని ప్రతిపాదించినవారి వాదము. ఇది కొట్టివేయదగిన వాదము కాదు. దాచుట ఎందుకు? ఆ కాగితము మీద మేమును సంతకము చేసితిమి. పిదప, సంబంధించిన చట్టములు చూచి రమ్మని కార్యవర్గమువారు మాకే పురమాయించిరి. చూచితిమి. చూచిన తరువాత మా మనస్సు మారినది. మారిన కారణము చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

క్లబ్బు అనునది తప్పు మాట కాదు. ఈ బెంగుళూరులో 1868లో యునైటెడ్ సర్వీసెస్ క్లబ్బు వెలసినది. అది దొరల క్లబ్బు. 1946లో దానికి బెంగుళూరు క్లబ్బు అని పేరు మారినది. దొరల క్లబ్బులలో మనవారికి ప్రవేశము లేని రోజులలో, మైసూరు దివానుగా ఉన్న విశ్వేశ్వరయ్యగారు 1917లో సెంచరీ క్లబ్బు స్థాపించిరి. వారి పూర్వులు మన మోక్షగుండమువారే కదా! నలుగురు కూర్చుండి మాటలాడుకొనుటకు తమదైన చోటు ఒకటి ఉండవలెనని ఆ మహనీయుడే కోరినాడు. పరవూరిలో బ్రదుకు మనకు ఆ కోరిక లేకుండునా?

ఇక చట్టము మాట. కర్ణాటకమున మద్యమునకు మూలమైనది 1965 నాటి ఎక్సైజు చట్టము. దాని క్రింద 1968లో చేసిన నిబంధనలలో లైసెన్సులు తరగతులుగా విభజింపబడినవి. ఊరందరికి అమ్ము బారునకు సి.ఎల్. 9; వసతి గదులు గల హోటలునకు సి.ఎల్. 7, క్లబ్బునకు సి.ఎల్. 4. మనకు కావలసినది ఈ చివరిది. క్లబ్బు లైసెన్సుతో సభ్యులకు, వారి వెంట వచ్చు అతిథులకు మాత్రమే అందింపవచ్చును. వీధిన పోవు వానిని పిలిచి అమ్మరాదు. ఎక్సైజు సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30తో ముగియును. ఏటేటా రుసుము కట్టి లైసెన్సు క్రొత్తది చేయించుకొనవలెను. సరకు రిజిస్టరు ఉండవలెను. అధికారులు వచ్చి అడిగినప్పుడు సీసా సీసాకు లెక్క అప్పగింపవలెను.

ఇచ్చట మా గుమాస్తా బుద్ధికి ఒక సంగతి తట్టినది. రుసుము ముందు కట్టవలెను. సీసా తరువాత ఖర్చు కావలెను. ఒక సీసా పోయినను, వేయి సీసాలు పోయినను రుసుము రుసుమే. వడ్డించువానికి జీతము, లెక్క వ్రాయువానికి జీతము, ఇవన్నియు పోగా మిగిలినది గదా అప్పునకు జమ! మరి ఆ సీసాలు ఎవరు తాగవలెను? బయటివారికి అమ్మరాదు. అనగా మనమే తాగవలెను. మన అప్పు తీరుటకు మనలో కొందరు ఇప్పటికంటె ఎక్కువగా తాగవలెను.

ఊహకు ఒక లెక్క వేయుదము. నూరు రూపాయల మద్యము మీద సంఘమునకు ఇరువది రూపాయలు మిగులుననుకొందము. సంఘమునకు నూరు రూపాయలు చేర్చుటకు సభ్యుడు అయిదు వందలు తాగవలెను. ఆ నూరు రూపాయలే నేరుగా చేతికిచ్చినచో నాలుగు వందలు ఆయన ఇంటనే ఉండును. ఇది నీతి బోధ కాదు, కూడికలు తీసివేతలు.

ఆటల మాటయు విచారించితిమి. సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో, 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పినది. పేకలకు క్లబ్బు కొద్దిపాటి రుసుము తీసికొన్నంత మాత్రమున నేరము కాదన్నది. కాని ఆట పేరుతో క్లబ్బు లాభము గుంజినచో అది వేరు సంగతి అని హెచ్చరించినది. మద్యశాలలలో సంగీతము, నృత్యములకు 2005లో బెంగుళూరు పోలీసు కమిషనరు జారీ చేసిన ఆజ్ఞను 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించినది. పానీయముతో కూడిన పాటకు ఇంత తంతు ఉన్నది. మన పిల్లల పద్యపఠనమునకు, హరికథకు, నాటకమునకు కావలసినది క్రమమైన అనుమతి, రాత్రి 10 గంటలకు మైకు కట్టివేయుట. ఈ రెండవది మనము సరిగా పాటించుట లేదని ఇరుగుపొరుగువారు అనుచున్నారు, సిగ్గుపడవలసినదే.

ఒక ధర్మసూక్ష్మము కూడ కలదు. సభ్యుల సొమ్ము సభ్యులలోనే తిరిగినంత కాలము దానికి లాభమను పేరు లేదని న్యాయస్థానములు చెప్పుచు వచ్చినవి. కాని 2013లో బెంగుళూరు క్లబ్బు కేసులో, మిగులు ధనమును బ్యాంకులలో డిపాజిట్టు చేయగా వచ్చిన వడ్డీ పన్నునకు లోబడునని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. ఆ బ్యాంకులు క్లబ్బులో సభ్యులే అయినను ఆ మాటే చెప్పినది. ఇంటి సొమ్ము గడప దాటగానే దాని జాతకము మారునన్నమాట. మా పార్సెలు ఆఫీసులో ఒక సూత్రము ఉన్నది: లేబులు ఒకటి, సరకు ఒకటి కారాదు. బారు నడచుటకే సభ్యులను చేర్చుకొను దినము వచ్చినచో, మన లేబులు మీద తెలుగు సంఘమని ఉండును. లోపలి సరకు వేరు.

బెంగుళూరు క్లబ్బులో 1899 నాటి లెక్కల పుస్తకము ఒకటి ఉన్నది. ఆ కాలమున ఇచ్చట సైన్యములో పనిచేసిన చర్చిల్ అను యువకుడు బాకీ పడిన 13 రూపాయలు వసూలు కానివిగా అందులో వ్రాయబడినవి. ఆయనయే తరువాత ఇంగ్లండు ప్రధాని. కనుక ఆ బాకీ నేడు చూచువారికి వేడుక. గుమాస్తాల బాకీలకు అట్టి భాగ్యము లేదు. అవి ఇంటికి వచ్చును.

మా నాయనగారు రైల్వేలోనే పనిచేసిరి. ఊరు పేరు, క్లబ్బు పేరు చెప్పము. ఆయన తాగుబోతు కాదు. వీధిన తూలిన మనిషి కాదు. సారాయి దుకాణము వైపు పోవుట నామర్దా అనుకొనిన మర్యాదస్థుడు. కాని క్లబ్బు అన్నచో పెద్దమనుష్యుల చోటు. అచ్చట నగదు చెల్లింపనక్కర లేదు. చీటి మీద సంతకము చేసిన చాలును. మా అమ్మ ఆ గడప ఎన్నడును తొక్కి ఎరుగదు.

ఆయన సర్వీసులో ఉండగనే పోయిరి. పదునొకండవ నాడు క్లబ్బునుండి ఒకాయన వచ్చి, ఎంతో మర్యాదగా కూర్చుండి, అమ్మ చేతికి చీటీల కట్ట ఇచ్చెను. ప్రతి చీటీ మీదను మా నాయన సంతకము. ఎంత చక్కని దస్తూరి! ఆయన దస్తూరి ఇంత ముచ్చటగా ఉండునని మేము అప్పుడే చూచితిమి. అమ్మ ఒక్క మాటయు అడుగలేదు. ఫండు డబ్బు రాగానే అణా పైసలతో కట్టివేసినది. మమ్ము కాలేజీలో చేర్చుటకు అనుకొనిన సొమ్ము అదియే. మెట్రిక్యులేషను కాగితముతో కారుణ్య నియామకపు ఉద్యోగములో చేరితిమి. ఆ క్లబ్బువారు చేసిన తప్పు చట్టములో ఎచ్చటను లేదు. వారికి లైసెన్సు ఉన్నది. లెక్క సరిగా ఉన్నది. ఇంట ఉన్నవారికి తెలియుటకే అందులో వీలు లేదు.

తాగుట మాన్పించుట సంఘము పనియా అని మిత్రులు అడిగిరి. కాదు. చట్టముతో మాన్పింపబోయినవారి కథ మన దేశమునకు క్రొత్త కాదు. ఉమ్మడి మద్రాసు రాజ్యమున 1938లోనే చిత్తూరు, కడప జిల్లాలకు మద్యనిషేధము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1995లో సంపూర్ణ నిషేధము పెట్టి 1997లో సడలించిరి. అయినను నెల్లూరు జిల్లా దూబగుంటను మరువరాదు. అక్కడి స్త్రీలు రాత్రి బడిలో అక్షరములు దిద్దుకొనుచు, ఆ పాఠములలో తమ బ్రదుకే కనబడగా లేచి, 1992లో సారాయి మీద పోరు సాగించిరి. రోశమ్మగారి పేరు ఆ విధముననే లోకమునకు తెలిసినది. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధము వచ్చినది. ఆ పోరు మొదలైనది కచేరీలో కాదు, బడిలో.

మనకును ఒక బడి ఉన్నది. ప్రతి ఆదివారము ఈ హాలులో మన పిల్లలు అ ఆలు దిద్దుచున్నారు. వీధిలో కన్నడము, పాఠశాలలో ఇంగ్లీషు. వారికి తెలుగు అక్షరము కనబడు చోటు ఈ నాలుగు గోడలే. బడికి, గుడికి నూరు మీటర్లలోపల మద్యపు దుకాణము కూడదని 1967 నాటి ఎక్సైజు నిబంధనలలో ఉన్నది. చట్టము దృష్టిలో ఆదివారపు బడి బడి కాకపోవచ్చును. మన దృష్టిలో బడియే. మేడ మీదికి మెట్లు పదునాలుగు.

కావున మా మనవి ఇది. ఈ భవనము పేరున మద్యపు లైసెన్సు వలదు. క్లబ్బు కావలెనను మిత్రులు వేరు సంఘముగా రిజిష్టరు చేసికొని, వేరు చోట, వేరు ఖాతాతో నడుపుకొనవచ్చును. దరఖాస్తులు నింపుటకు మేమే వచ్చి కూర్చుందుము. అందులో మాకు ద్వేషము లేదు. ఇచ్చట మాత్రము పాట, నాటకము, క్యారమ్సు, పందెము లేని పేక, అమ్మలు పిల్లలతో వచ్చి కూర్చుండదగిన సాయంకాలము ఉండనిండు. యువకులు రాకపోవుటకు కారణము సీసా లేకపోవుట కాదు. వారి చేతికి మనము పని ఇవ్వకపోవుట. ఈ యేటి నాటకము వారికే అప్పగించి చూడుడు.

అప్పు మాట మిగిలినది. ఇంటింటికి నెలసరి విరాళము వేసికొందము. మా ఇంటినుండి నెలకు 500 రూపాయలు అప్పు తీరువరకు ఇత్తుము. మొదటి నెలది ఇదిగో, కోశాధికారిగారి చేతిలో పెట్టుచున్నాము. రశీదు మా అమ్మ పేరున వ్రాయుడు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఓటు జరుగును. ప్రతిపాదన మీద మేము చేసిన సంతకమును ఈ సభాముఖమున ఉపసంహరించుకొనుచున్నాము. ఓటు వేయుటకు ముందు ఈ విషయము ఇంట్లో చెప్పి, ఇంట్లోవారి మాట విని రండు. మీ నిర్ణయము ఏదైనను శిరసావహింతుము. ఆదివారపు బడికి బల్లలు సర్దుటకు ఎప్పటివలెనే వత్తుము.

ఈ నూతన సంవత్సరము అందరికిని ఆయురారోగ్యములు ఇచ్చుగాక. సెలవు.