నీలిపూల కూజా: చూపుకే గాని పులుపుకు కాదు



హస్తకళల ప్రదర్శనకు వెళితే, తెల్లని ఒంటిమీద నీలిపూలు, తీగెలు, పిట్టలు వేసిన కూజాల దగ్గర మన కాళ్లు ఆగిపోతాయి. అవి జైపూరు నీలిపాత్రలు. ముందుగదిలో ఒకటి పెట్టుకుందామని మనసు లాగుతుంది. తప్పకుండా పెట్టుకోండి. కాకపోతే, అదేమిటో తెలుసుకుని మరీ పెట్టుకోండి.

చిత్రమేమంటే, అందులో కుమ్మరి వాడే బంకమన్ను ఉండదు. పలుగురాయి పొడి, గాజుపొడి, మనం ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి, వెలిగారం, జిగురు కలిపి చపాతీ పిండిలా ముద్ద చేస్తారు. ఆ ముద్దకు సాగే గుణం తక్కువ. అందుకని రొట్టెలా ఒత్తి, అచ్చులో పరిచి, ఆకారం చెడకుండా లోపల బూడిద నింపుతారు. ఆరాక భాగాలు అతికి, నునుపుచేసి, తెల్లపూత పూసి, సన్నని కుంచెతో బొమ్మ వేస్తారు. వేసేటప్పుడు కోబాల్టు గీత నీలంగా ఉండదు సుమండీ, నల్లగా ఉంటుంది! పైన గాజుపూత పూసి బట్టీలో కాల్చాకే నీలం తేలుతుంది. రాగి కలిపిన చోట పాలపిట్ట రెక్క రంగు వస్తుంది.

19వ శతాబ్దంలో సవాయి రామసింగు మహారాజు ఆదరించిన ఈ విద్య, 1950ల నాటికి దాదాపు అడుగంటింది. కమలాదేవి చట్టోపాధ్యాయ, గాయత్రీదేవిగార్ల ప్రోత్సాహంతో చిత్రకారుడు కృపాల్ సింగ్ షెఖావత్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. 1974లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కొనేటప్పుడు రెండు పూలను పక్కపక్కన పోల్చి చూడండి. చేత్తో వేసిన పూలు అక్కచెల్లెళ్లలా ఉంటాయి గాని, అచ్చు గుద్దినట్టు ఉండవు. రేకు రేకూ ఒక్కలాగే ఉంటే అది అతికించిన బొమ్మే కావచ్చు.

ఇక అసలు మాట. "జాడీలాగే ఉందిగా, కాస్త నిమ్మకాయ పచ్చడి పెడదాం" అనుకోకండి. మన ఆవకాయ జాడీ 1200 డిగ్రీల వేడికి రాయిలా గట్టిపడుతుంది. ఇది సుమారు 800 డిగ్రీల్లోనే కాలుతుంది. పైగా పాతపద్ధతి గాజుపూతలో సీసం ఉంటుంది. చింతపండు, నిమ్మరసం, మజ్జిగ తగిలితే ఆ సీసం కొంచెం కొంచెంగా పదార్థంలోకి దిగుతుంది. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. పసిపిల్లల మెదడుకు మాత్రం చేటు చేస్తుంది. సీసం లేకుండా చేసేవాళ్లూ ఇప్పుడు ఉన్నారు. కానీ చూపుతో తేడా కనిపెట్టలేం గనుక, అన్నపానాలకు వాడకపోవడమే క్షేమం.

పూలు పెట్టాలంటే లోపల ఒక స్టీలు గ్లాసు దించి, నీళ్లు అందులో పోయండి. నీరు ఇంకితే పాత్ర పాడవుతుంది. పీచుతో తోమకండి, మెత్తని తడిగుడ్డతో తుడిస్తే చాలు. పది వస్తువుల మధ్య ఇరికించకుండా, వెల్లవేసిన గోడ ముందు, పిల్లల చేతికి అందని చోట ఒంటరిగా నిలపండి. ఆ నీలం తన పని తాను చేసుకుంటుంది.

పచ్చడి జాడీలో ఉండనివ్వండి, కూజా కళ్లెదుట ఉండనివ్వండి. ఇక సెలవు.