పెద్ద కొట్టు పక్కన చిన్న కొట్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కొత్తగా చిన్న వ్యాపారం పెట్టేవారికి మనం ఏం చెప్పగలం అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను వ్యాపారం చేసినవాణ్ణి కాను. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా అప్పులిచ్చే కుర్చీలో కూర్చుని, చేసేవాళ్ల లెక్కలు చూసినవాణ్ణి. ఆ మేరకే వినండి.

మన బడిలో చదివిన పిల్లలు ఉద్యోగం కోసం చూసి చూసి ఇప్పుడు కొట్లు పెడుతున్నారు. 2015లో ముద్రా పథకం వచ్చాక శిశు రుణం కింద 50,000 రూపాయల దాకా దొరుకుతోంది. అద్దె అడ్వాన్సు, అద్దాల బీరువాలు, బోర్డు అయ్యేసరికి ఆ డబ్బు చాలదు. అప్పుడు అమ్మ మెడలోది తాకట్టుకు వస్తుంది. ఆరు నెలల్లో కొట్టు మూతపడితే పోయేది సరుకొక్కటే కాదు. అందుకే ఈ మాటలు నాకు సరదా మాటలు కావు.

కొత్త కొట్టు పెట్టిన కుర్రాణ్ణి 'నీ పక్కన ఇరవై ఏళ్ల నాటి కొట్టు ఉంది కదా, నీ దగ్గరికి ఎందుకు రావాలి?' అని అడిగితే పదిలో తొమ్మిది మంది ఒకటే చెబుతారు: 'తక్కువకి ఇస్తాం సార్.' ఈ జవాబు వింటే నాకు భయం. లెక్క చూడండి. 100 రూపాయల సరుకు అమ్మితే 12 రూపాయలు మిగులుతుందనుకుందాం. 5 రూపాయలు తగ్గించారు. మిగిలేది 7. మునుపటి మిగులే రావాలంటే 100 మందికి అమ్మే చోట 172 మందికి అమ్మాలి. పెద్ద కొట్టాయన సరుకు మీకంటే చవగ్గా కొంటాడు. మీరు 5 తగ్గిస్తే ఆయన రెండు నెలలు 6 తగ్గించి కూర్చోగలడు. ఆ రెండు నెలలూ మీ వాయిదాలు ఆగవు.

మరి ఏం చెయ్యాలి? పెద్దవాడు చెయ్యలేనిది ఒకటి వెతకాలి. వాడికి చేతకాక కాదు, వాడి పెద్దతనం వల్లే కుదరనిది.

ఇక్కడున్న పెద్దవాళ్లకు 1974 గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర అన్నీ పాతుకుపోయిన పత్రికలే. విజయవాడలో అచ్చయి, రైలెక్కి, మన వైపు వచ్చేసరికి పొద్దెక్కేది. ఆ ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. రామోజీరావు గారు ఎంచుకున్న తేడా చాలా మామూలుది: తెల్లారేసరికి పత్రిక గుమ్మంలో ఉండాలి, అందులో మన ఊళ్ల వార్తలుండాలి. పేరు చూడండి. ఈనాడు అంటే ఈ రోజు, ఈ నేల కూడా. మిగతా పత్రికల్లో రాసేవాళ్లు తక్కువవాళ్లా? కాదు. వాళ్ల అచ్చు యంత్రాలు దూరంగా ఉన్నాయి, అంతే. దాన్ని ఒక్క రాత్రిలో ఇటు జరపలేరు కదా. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆయన చేతిలో అప్పటికే మార్గదర్శి చిట్‌ఫండ్ ఉంది. 50,000 అప్పుతో దిగే మన పిల్లలతో ఆయనకు పూర్తి పోలిక లేదు. పోలిక డబ్బులో కాదు, ఎంచుకోవడంలో.

అంత పెద్ద ఉదాహరణ ఎందుకంటారా, మన కోటలోనే నేను చూసినది చెబుతాను. పేరు చెప్పను, ఆవిడకి ఇష్టం ఉండదు. జాకెట్లు కుట్టే అమ్మాయి. ఊళ్లో టైలర్లకి లోటా? కానీ శ్రావణంలోనో, మాఘంలోనో పెళ్లి ముహూర్తాలు వచ్చాయంటే ఏ టైలరైనా చెప్పేది ఒకటే: 'రేపు రండమ్మా.' ఆ రేపు నాలుగుసార్లు వస్తుంది. ఈ అమ్మాయి చీటీ మీద తేదీ రాసి ఇచ్చేది. ఆ తేదీకి అందకపోతే కుట్టుకూలి తీసుకోనని నోటితో కాదు, చీటీ మీదే రాసేది. కూలి మాత్రం మిగతా వాళ్లకంటే 20 రూపాయలు ఎక్కువే. రోజుకి నాలుగు జాకెట్లు దాటి ఒప్పుకునేది కాదు. అప్పు పత్రాల మీద సంతకం పెట్టే రోజున నేనే అడిగాను, 'వచ్చిన బేరం పంపేస్తే ఎలాగమ్మా?' అని. 'పంపేస్తేనే సార్, ఉన్నవాళ్లకి మాట దక్కుతుంది' అంది. పొద్దున్నే బస్సెక్కి వేపాడ, జామి వైపు బడులకు వెళ్లే టీచరమ్మలు ఆవిడ మొదటి ఖాతాదారులు. వాళ్లకి 20 రూపాయలు లెక్క కాదు, మూడుసార్లు తిరిగే ఓపికే లేదు. చేతి కింద పదిమందిని పెట్టుకున్న పెద్ద టైలరు ఆ చీటీ రాయలేడు. సీజనులో వచ్చిన ప్రతి బేరం పట్టాలి, లేకపోతే ఆ పదిమందికీ జీతాలు రావు.

మరొకటి మన కొండల మీదిది. అరకు కాఫీ ఎన్నో ఏళ్లు ఎవరెవరి పొడుల్లోనో కలిసిపోయి, పేరు లేకుండా అమ్ముడుపోయింది. చిక్కమగళూరు, కొడగు పేర్లు ముందుండేవి. రైతులతో పనిచేసిన నాంది ఫౌండేషన్ వాళ్లు కాఫీకి పుట్టిన చోటి పేరే పెట్టి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అరకుకు పోయే దారి మన గుమ్మం ముందు నుంచే. విశాఖ నుంచి కొత్తవలస మీదుగా వచ్చే కార్లు బొడ్డవర దాటి ఘాట్ ఎక్కే ముందు మన ఊళ్లోంచే వెళ్లాలి. అంత బేరం ఎదురుగా పోతుంటే మన కుర్రాళ్లు హైదరాబాద్ పేర్లు, చైనా పేర్లు బోర్డు మీద రాసి నూడుల్స్ వండుతున్నారు. అది తప్పని అనను గాని, నూడుల్స్ కోసం ఎవరూ ఇక్కడ కారు ఆపరు. పిల్లలతో వెళ్లే ఇల్లాలికి శుభ్రమైన మరుగుదొడ్డి, ఒక వేడి టిఫిన్ ఉంటే చాలు, ఆపుతారు.

సరే, తేడా ఉంది. అది జనానికి తెలిసేదెలా? 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టారు. తలనొప్పి మందు గొప్పదని చెబితే ఎవరు నమ్ముతారు? నుదుటి మీద రాసుకుంటే తెలుస్తుంది. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో నలభై మందికి రుచి చూపించవచ్చు. అయితే రుచి చూపడం వేరు, ధర తగ్గించడం వేరు. మొదటిది ఒక్కరోజు ఖర్చు.

ఇక మన సంగతి. నేను చూసిన చిన్న కొట్లలో ఎక్కువ వాటిని ముంచింది పక్కనున్న పెద్ద కొట్టు కాదు, అరువు. ఆ అరువు పెట్టేది ఎవరు? మనమే. 'మనోడి కొట్టే కదా' అని ఖాతా రాయిస్తాం, నగదు మాత్రం పెద్ద కొట్లో ఇస్తాం. ఎందుకంటే అక్కడ అడగడానికి మొహమాటం. బాగాలేకపోతే కుర్రాడితో చెప్పం, ఊరంతా చెబుతాం. సాంబారులో ఉప్పెక్కువైందని పిలిచి చెప్పేవాడు వాడికి బ్యాంకు మేనేజరు కంటే ఎక్కువ.

సంఘం ముందు రెండు విన్నపాలు పెడుతున్నాను. ఒకటి, వచ్చే సర్వసభ్య సమావేశం టిఫిన్లు, భోజనాలు, జ్ఞాపికల సంచులు మన బడి పిల్లలు కొత్తగా పెట్టిన కొట్లకే ఇవ్వాలి, సగం డబ్బు ముందుగా, మిగతా సగం అదే రోజు. రెండోది, అలాంటి కొట్లలో ఖాతాలున్న సభ్యులు ఈ పండగలోపు బాకీలు తీర్చాలి. కొట్టు పెట్టినవారు, పెట్టబోయేవారు భోజనాల తర్వాత పదో తరగతి గదికి రండి. పద్దు పుస్తకం ఉంటే పట్టుకురండి, కలిసి లెక్క చూద్దాం.