రోమా జాతి: మాటయు, పాటయు



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములు లేని జాతిని గూర్చిన ప్రసంగమేమని కొందఱికి తోచవచ్చును. పుస్తకము లేనిచో ఎంత పోవునో, అయినను ఎంత నిలుచునో తెలిసికొనుటకు రోమాల చరిత్రకంటె మంచి నిదర్శనము అరుదు.

ఐరోపాఖండమున వీరిని ఆంగ్లేయులు చిరకాలము జిప్సీలని పిలిచిరి. ఈజిప్టునుండి వచ్చినవారని పొరబడి పెట్టిన పేరది. నిజమునకు వీరి పూర్వులు సుమారు వేయి సంవత్సరముల క్రిందట భారతదేశము విడిచినవారు. ఇది ఏ శాసనమువలనను తెలియలేదు. వారి నోట మిగిలిన మాటలే దస్తావేజులైనవి. 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు వారి భాషను హిందూస్తానీతో పోల్చి, రెండింటి పుట్టుక యొక్కచోటనే యని ప్రకటించెను. నీటిని వారు 'పానీ' యందురు. మనుష్యుని 'మనుష్' అందురు. ముక్కు 'నఖ్', చెవి 'కాన్'. దుయ్, త్రిన్ అని లెక్కించుచు పదిని 'దెష్' అందురు. అమరకోశము వల్లించినవారికి ఇందు టీక అక్కఱలేదు. చిత్రమేమనగా ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రము గ్రీకుల అంకెలు. పారసీక, ఆర్మీనియా భాషల మాటలును కలవు. వారు నడచిన త్రోవ ఏదియో ఈ అరువు మాటలనుబట్టియే పండితులు నిర్ణయించిరి.

తెలుగు పల్లెలలోని లంబాడీలే వీరని కొందఱందురు. రెండు భాషలును ఆర్యకుటుంబమునకు చెందినవే. కాని ఇంటిపేరు కలిసినంతనే దాయాదులు కారు గదా!

పారసీక మహాకవి ఫిర్దౌసి షానామాలో ఒక కథ కలదు. ధనికులకే గాని తమకు వాద్యవినోదము లేదని బీదలు మొఱపెట్టగా, బహరాం గోర్ అను రాజు హిందూదేశపు రాజునడిగి, వీణవంటి వాద్యము వాయించు లూరీలను పదివేలమందిని రప్పించెనట. వారికి ఎద్దులు, గాడిదలు, విత్తనపు గోధుమలు ఇచ్చి, సేద్యము చేసికొనుచు బీదలకు ఊరక వినిపింపుడనెను. ఏడాది తిరుగునప్పటికి వారు ఎద్దులను, గోధుమలను తినివేసి వచ్చి నిలిచిరి. రాజు వారిని దేశముమీద తిరుగుడని పంపివేసెను. ఇది కావ్యము, చరిత్ర కాదు. లూరీలే రోమాల పూర్వులనుటకు రుజువు లేదు. పాటకు కూలి యీయని రాజు తప్పును మాత్రము కవి యెంచలేదు.

ఐరోపాలో వారు మొదట కాగితమునకెక్కిన చోట్లలో ఒకటి 1385 నాటి పత్రము. వలాకియా ప్రభువు ఒక మఠమునకు ధ్రువపఱచిన ఆస్తిలో రోమాలు నలువది కుటుంబములు చేరియున్నవి. పొలముతోపాటు మనుష్యులను వ్రాసిన లెక్కయది! నేటి రుమేనియాలో చేరిన ఆ సీమలలో వీరి బానిసత్వము 1855, 1856 సంవత్సరములలో గాని తొలగలేదు. వారిలో వాద్యగాండ్రను లౌతారులనిరి. 1847లో హంగరీ సంగీత విద్వాంసుడు లిస్ట్ యాస్సీ నగరమునకు వచ్చి పియానోపై వాయించినదానిని, బర్బు అను వృద్ధ లౌతారు ఒక్కమారు విని ఫిడేలుపై తిరిగి వినిపించెనని చెప్పుకొందురు. ఏకసంథాగ్రాహులు ఆస్థానములలోనే పుట్టుదురా?

ఆ లిస్టే 1859లో ప్రకటించిన గ్రంథమున హంగరీ సంగీతము రోమాల సృష్టియనెను. ఇరువదవ శతాబ్దమున బార్టోక్ పల్లెలు తిరిగి రైతుల పాటలు సేకరించి దానిని ఖండించెను. పట్టణములలో రోమాలు వాయించునవి హంగరీయులు కట్టిన పాటలే యనెను. బార్టోక్ మాట సరియే. అయినను కృతి త్యాగరాజస్వామిదైనంత మాత్రమున నాగస్వర విద్వాంసుని మనోధర్మము తక్కువ కాదు. హంగరీలోని కొందఱు రోమాలు తమలో తాము పాడుకొను పాటలు వేఱు: ఫిడేలు లేదు, నోటితో తాళగతులు పలుకుచు, పాలబిందె చఱచుచు పాడుదురు.

రెండవ ప్రపంచయుద్ధమున నాజీలు వారిని జాతిపేరనే సంహరించిరి. 1944 ఆగస్టు 2వ తేదీ రాత్రి ఆష్విట్జ్ శిబిరమున స్త్రీలు, పిల్లలు, వృద్ధులతో కూడ వేలమందిని విషవాయువునకు బలియిచ్చిరి. పశ్చిమ జర్మనీ దానిని జాతిసంహారమని అంగీకరించుటకు 1982 వఱకు పట్టెను.

1971 ఏప్రిల్‌లో లండను సమీపమున రోమాల ప్రపంచ మహాసభ జరిగెను. పైన నీలము, క్రింద ఆకుపచ్చ, నడుమ పదునాఱు ఆకుల చక్రముగల పతాకమును అందు స్వీకరించిరి. ఆ చక్రము భారతదేశమును తలపించును. జాతిగీతముగా 'గేలెం గేలెం' అను పాటను గైకొనిరి. వరుస పాతది, మాటలు జార్కో జోవనోవిచ్ కూర్చినవి. యుద్ధమున చంపబడిన కుటుంబపు దుఃఖము అందు కలదు. గేలెం అనగా వెళ్లితిని. సంస్కృతమున 'గత' శబ్దమే ఆ నోట అట్లు మిగిలినది.