పాదరసంలో నిలిచిన జ్ఞాపకం
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



కంప్యూటరు చదువు కావాలంటే తెలుగు చదువు మానక తప్పదేమోనన్న సందేహం కొందరు తల్లిదండ్రుల నోట వింటున్నాను. అందుచేత ఈ శుభసమయంలో కంప్యూటరుకు జ్ఞాపకశక్తి అబ్బిన కథ మనవి చేయదలచాను.

1945లో అమెరికాలో సిద్ధమైన ఎనియాక్ యంత్రం మహావేగంతో లెక్కలు కట్టేది. కాని కొత్త లెక్క చేయించాలంటే తీగలు మార్చి, మీటలు సవరించవలసి వచ్చేది. అందుకు రోజులు పట్టేవి. అంకెలతోబాటు ఆదేశాలను కూడా యంత్రం తన స్మృతిలోనే నిలుపుకొంటే ఈ శ్రమ తప్పుతుందని శాస్త్రజ్ఞులు గ్రహించారు. 1946లో ఫిలడెల్ఫియాలో ఈ విషయమై జరిగిన ఉపన్యాసాలు విని వచ్చిన మారిస్ విల్క్స్, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ నిర్మాణానికి పూనుకొన్నారు. ఈలోగా 1948 జూన్ 21న మాంచెస్టరులో ఒక చిన్న ప్రయోగ యంత్రం ఆ భావన సాధ్యమేనని నిరూపించింది. 1949 మే 6న ఎడ్సాక్ వర్గసంఖ్యల పట్టికను అచ్చువేసింది. అటుపైన 1958 వరకు పరిశోధకుల నిత్యావసరాలకు అది ఉపకరించింది.

సుమారు 3000 వాల్వులు గల ఆ యంత్రపు స్మృతి పాదరసం నింపిన పొడవాటి గొట్టాలలో ఉండేది. విద్యుత్ స్పందనాలు ధ్వని తరంగాలుగా మారి పాదరసం గుండా సాగేవి. ఆవలి కొసకు చేరేసరికి అవి క్షీణించేవి. వాటిని మరల విద్యుత్తుగా మార్చి, బలపరచి, రూపు సరిదిద్ది, తిరిగి మొదటి కొసకు పంపేవారు. ఇలా ఎడతెగక తిరుగుతున్నంతసేపే జ్ఞాపకం నిలిచేది. విద్యుత్తు ఆగితే అంతా మాసిపోయేది.

మరొక విశేషం. ఒకరు రాసిన ఆదేశాల వరుసను చిల్లుల కాగితపు పట్టీలపై భద్రపరచి, ఇతరులు కూడా వాడుకొనేలా డేవిడ్ వీలర్ ప్రభృతులు ఒక భాండాగారాన్ని సమకూర్చారు. ఒకరి శ్రమ పదిమందికి పెట్టుబడి అయింది.

సమస్యను చిన్న మెట్లుగా విడదీసి, వరుస తప్పకుండా చెప్పడమే ఆ విద్యకు మూలం. బిడ్డ ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలోనే ఆ నేర్పు తొలుత అలవడుతుంది. ఆపైన ఆంగ్లం నేర్చుకోవలసిందే. దానికోసం తెలుగును విడువనక్కరలేదు.

తెలుగునాటికి దూరంగా స్థిరపడిన మనకు భాష కూడా ఆ పాదరసపు జ్ఞాపకం వంటిదే. ప్రతి తరమూ అందుకొని, సరిదిద్ది, ముందుకు పంపితేనే నిలుస్తుంది. డెబ్బది అయిదేండ్లుగా ఈ బడి చేస్తున్న పని అదే. ఇంట తెలుగు మాట్లాడండి, బిడ్డలచేత చదివించండి, వారిని మన బడికి పంపండి. ఇదే నా విన్నపం.

సెలవు.